గ్లౌజులో ఒక చరుపు: ఓ మైనర్ లీగ్ షార్ట్‌స్టాప్ కేసు

అమెరికాలో ఒక మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థలో ఆటగాళ్లను అంచనా వేసే విభాగంలో పనిచేస్తున్నాను. సగం పని మైదానం గట్టున స్టాప్‌వాచీతో, మిగతా సగం కంప్యూటర్ ముందు. ఈ కేసులో నా మొదటి నివేదిక తప్పు. అది ఎక్కడ తప్పిందో తేలడానికి ఒక వేసవి పట్టింది. ఆ వేసవిలో ఏ మలుపు దగ్గర ఏమనుకున్నానో ఇక్కడ రాస్తున్నాను. ఆటగాడి పేరు, దేశం, జట్టు, ఊరు చెప్పను. గుర్తుపట్టడానికి వీలిచ్చే ఒకటి రెండు వివరాలు మార్చాను. అతని కొలతలన్నీ సుమారుగా ఇచ్చినవే.

నేపథ్యం

2021 నుంచి ప్రతి మేజర్ లీగ్ జట్టు కింద నాలుగు పూర్తి సీజన్ మైనర్ లీగ్ జట్లు ఉంటున్నాయి. కింది మెట్టు నుంచి వరుసగా సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. ముప్పై సంస్థలకు కలిపి 120 జట్లు. వీటిలో అసలు జల్లెడ డబుల్-ఏ. అంతవరకు వేగంతో, ఒంటి బలంతో నెట్టుకొచ్చినవారి లోపాలు అక్కడ బయటపడతాయి.

మన కుర్రవాడు 17 ఏళ్ల వయసులో ఒక లాటిన్ అమెరికా దేశం నుంచి తక్కువ మొత్తానికి సంతకం చేశాడు. నేను చూసేనాటికి 22 ఏళ్లు, అయిదో సీజన్, డబుల్-ఏ. మనిషి పొట్టి, కాళ్లు చురుకు. రెండో బేసుకూ మూడో బేసుకూ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్. క్రికెట్ తెలిసినవారికి చెప్పాలంటే, పాయింట్‌లో నిలబడి, వచ్చిన ప్రతి బంతికీ రనౌట్ చేయాల్సిన ఉద్యోగం. పట్టడం సగం పనే. కొట్టినవాడు పరుగెత్తి చేరేలోపు ఒకటో బేసుకు బంతి చేరితేనే అవుట్.

అయిదో సీజన్ అన్న మాట ఇక్కడ ముఖ్యం. 18 ఏళ్లకో అంతకు ముందో సంతకం చేసిన ఆటగాడిని సంస్థ అయిదు సీజన్లు తన దగ్గరే ఉంచుకోవచ్చు. ఆ తర్వాత నవంబరు నడిమికల్లా అతన్ని మేజర్ లీగ్ జట్టు 40 మంది జాబితాలో చేర్చాలి. చేర్చకపోతే డిసెంబరులో జరిగే రూల్ 5 డ్రాఫ్ట్‌లో వేరే జట్టు లక్ష డాలర్లు కట్టి తీసుకుపోవచ్చు. తీసుకున్న జట్టు మాత్రం అతన్ని మరుసటి సీజనంతా 26 మంది మేజర్ లీగ్ జట్టులోనే ఉంచాలి. ఉంచలేకపోతే, మరో జట్టు తీసుకోనప్పుడు, సగం సొమ్ముకు పాత సంస్థకు తిరిగి ఇవ్వజూపాలి. జూన్‌లో నన్ను ఆ ఊరికి పంపింది అందుకే. నవంబరులో ఇతనికి చోటు ఇవ్వాలా, వద్దా?

సమస్య

ఎర్రర్లు, అంటే లెక్కకెక్కిన ఫీల్డింగ్ తప్పిదాలు, చాలా ఉన్నాయి. మూడింట రెండు వంతులు విసురులోనే. ఒకటో బేసు ఆటగాడి తలమీదుగా పోయినవి కొన్ని, ముందే నేలకు తగిలి పక్కకు జారినవి కొన్ని. అతని గురించి ఫైలులో ఉన్న నివేదికలన్నీ తలా ఒక రకంగా ఒకే మాట చెప్పాయి: "చెయ్యి చాలదు. షార్ట్‌స్టాప్‌గా నిలవడు."

నేను మూడు ఆటలు చూశాను. రెండో ఆటలో మూడో బేసు వైపు లోతుగా వచ్చిన బంతిని పరుగెత్తి పట్టాడు. విసిరితే అది ఒకటో బేసుకు రెండడుగుల ముందు నేలను తాకి ప్రేక్షకుల వైపు దొర్లింది. మూడో ఆటలో అలాంటిదే ఇంకొకటి. హోటల్ గదికి వచ్చి నివేదిక రాశాను. మా వృత్తిలో ప్రతి నైపుణ్యానికీ 20 నుంచి 80 వరకు మార్కులు. 50 అంటే మేజర్ లీగ్ సగటు. మెత్తని చేతులు 55, కదలిక 45, విసురు 40. చివరి వాక్యం: "రెండో బేసుకు మార్చాలి. జాబితాలో చోటు అక్కర్లేదు."

తప్పిదాల లెక్క ఒక్కటీ చూసి తీర్పు చెప్పకూడదని ఈ వృత్తిలో అందరికీ తెలుసు. 1993లో డెరెక్ జీటర్ గ్రీన్స్‌బరోలో సింగిల్-ఏ ఆడుతూ ఒక్క సీజన్‌లో 56 ఎర్రర్లు చేశాడు. మూడేళ్ల తర్వాత అమెరికన్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు, అదీ షార్ట్‌స్టాప్‌గానే. ఆ ఉదాహరణను కొత్తవారికి నేనే ఎన్నోసార్లు చెప్పాను. చెప్పిన నోటితోనే ఆ రాత్రి ఈ నివేదిక రాశాను. కారణం ఇప్పుడు తెలుస్తోంది. మైదానానికి వెళ్లకముందే పాత నివేదికలు చదివాను. అవి చెప్పినది రెండు ఆటల్లో రెండుసార్లు కళ్లముందు జరిగింది. ఇక వెతకడం ఆపేశాను.

అప్పటికే చేసి చూసినవి

నేను వెళ్లడానికి ముందు శీతాకాలంలో సంస్థ అతని చేత బరువైన బంతులతో విసిరే సాధన చేయించింది. చెయ్యి చాలదన్నప్పుడు చేతికి బలం పెంచాలనుకోవడం సహజమే. విసురు వేగం గంటకు రెండు మూడు మైళ్లు పెరిగింది కూడా. మార్చిలో మోచేయి నొప్పి పుట్టి మూడు వారాలు కూర్చున్నాడు. సీజన్ మొదలయ్యాక తప్పిదాలు మునుపటిలాగే ఉన్నాయి.

బ్యాటింగ్‌లోనూ ఒక ప్రయోగం జరిగింది. ఇతను బంతిని తగిలిస్తాడు, పగలగొట్టడు. బంతిని పైకి లేపితే బలం వస్తుందని ఊపు మార్చారు. పైకి లేచిన బంతులు ఔట్‌ఫీల్డర్ల చేతుల్లోకి మెల్లగా వెళ్లి పడ్డాయి, స్ట్రైకౌట్లు (బంతి తగలక అవుటవడం) పెరిగాయి. మే నెలకల్లా పాత ఊపుకే తిరిగి వచ్చాడు. ఆ విషయంలో చెప్పుకోదగ్గది ఇంకేమీ లేదు. పుట్టుకతో లేని బలాన్ని కోణం ఇవ్వదు.

ఇక నా నివేదిక ఫలితంగా జూన్ చివర అతన్ని రెండో బేసుకు మార్చారు. అక్కడి నుంచి ఒకటో బేసు దగ్గరే కాబట్టి విసురుకు పెద్ద బలం అక్కర్లేదు. కళాశాలలో షార్ట్‌స్టాప్ ఆడి, వృత్తిలోకి వచ్చాక రెండో బేసుకు మారి 2008లో అమెరికన్ లీగ్ అత్యంత విలువైన ఆటగాడైన డస్టిన్ పెడ్రోయా కథను మా వాళ్లు కుర్రవాడికి ఊరడింపుగా చెప్పారు. చెయ్యి చాలనివాడికి రెండో బేసు సరైన మందు అయి ఉండాలి.

కాలేదు. రెండు వారాల్లో ఇంకో మూడు విసురు తప్పిదాలు వచ్చాయి, అవీ తీరిగ్గా విసరాల్సిన బంతులపైన. అరవై అడుగుల దూరానికి చెయ్యి చాలకపోవడం ఉండదు. నా రోగ నిర్ధారణ తప్పని అప్పుడు అనుమానం పట్టుకుంది.

మళ్లీ మొదటి నుంచి

ముందు పాత నివేదికలను తేదీల వరుసలో పేర్చాను. "చెయ్యి చాలదు" అన్న మాట మొట్టమొదట కనిపించింది నాలుగేళ్ల కిందటి నివేదికలో. అప్పటికి అతనికి 18 ఏళ్లు, భుజం నొప్పి నుంచి కోలుకుని మైదానంలోకి వచ్చిన రెండో వారం. రాసినాయన నొప్పి సంగతి కూడా నిజాయితీగా రాశాడు. తర్వాతి నివేదికలో నొప్పి పోయింది, మాట మిగిలింది. ఆ నోటా ఈ నోటా పడి నా నోటికీ వచ్చింది. అయిదు నివేదికలు ఒకే మాట చెబుతుంటే అయిదు సాక్ష్యాలు అనుకున్నాను. ఉన్నది ఒక్క సాక్ష్యం, నాలుగు ప్రతులు.

తర్వాత కాలాన్ని ముక్కలు చేశాను. సగటు కుడిచేతి బ్యాటర్ బంతిని కొట్టి ఒకటో బేసు చేరడానికి 4.3 సెకన్లు పడుతుంది. ఎడమచేతి బ్యాటర్ బేసుకు ఓ అంగ దగ్గరగా నిలబడతాడు కాబట్టి 4.2. ఫీల్డర్‌కు ఉన్న బడ్జెట్ అంతే. అందులో బంతి అతని దగ్గరకు రావడం ఒక ఖర్చు. పట్టి, తీసి, వదలడం రెండోది. గాలిలో ప్రయాణం మూడోది. చెయ్యి బలం తగ్గించగలిగేది మూడో ఖర్చునే.

లోతు నుంచి ఒకటో బేసుకు దాదాపు 130 అడుగులు. గాలి నిరోధం పక్కనపెడితే గంటకు 85 మైళ్ల విసురుకు 1.04 సెకన్లు, 88 మైళ్ల విసురుకు 1.01 సెకన్లు. తేడా సెకనులో నూరింట మూడు నాలుగు వంతులు. మోచేయి నొప్పి తెప్పించిన శీతాకాలపు సాధన మొత్తం అతనికి సంపాదించిపెట్టింది ఇంతే. సెకనుకు 27 అడుగులు పరుగెత్తే బ్యాటర్ ఆ వ్యవధిలో ఒక్క అడుగు నడుస్తాడు.

రెండో ఖర్చును కొలవడానికి వీడియోను ఒక్కో చిత్రంగా కదిపి చూశాను. పదో బంతి దగ్గర ఆగిపోయాను. బంతి గ్లౌజులోకి వస్తుంది. కుడిచేయి దాన్ని తీస్తుంది. తీసిన బంతిని మళ్లీ గ్లౌజు లోపలికి ఒకసారి చరిచి, మళ్లీ తీసి, అప్పుడు విసురుతాడు. ఆ చరుపుకు సెకనులో ఆరో వంతు. బ్యాటర్ పరుగులో నాలుగున్నర అడుగులు. ఎంతోమంది ఇన్‌ఫీల్డర్లకు ఈ అలవాటు ఉంటుంది, కాళ్ల లయ కుదుర్చుకోవడానికి. ఇతని విషయంలో జరిగేది వేరు. చరిచిన మరుక్షణం ఆలస్యమైందని ఒంటికి తెలుస్తుంది. దాంతో ముందు పాదం నేలను పూర్తిగా ఆనకముందే బంతి చేయి దాటుతుంది. బంతి పైకి పోయినా నేలకు కొట్టినా మూలం ఆ తొందరే.

ఇక్కడ నన్ను నేనే అనుమానించాను. ఒకసారి పప్పులో కాలేసినవాడు రెండోసారి తనకు నచ్చిన సిద్ధాంతాన్ని పట్టుకు వేలాడడం సులువు. అందుకని చరుపు లేని బంతులున్నాయేమో వెతికాను. ఉన్నాయి. డబుల్ ప్లే ఆడేటప్పుడు, అంటే రెండో బేసు దగ్గర బంతి అందుకుని తిరిగి ఒకటో బేసుకు విసరాల్సి వచ్చినప్పుడు, అతను ఒక్కసారి కూడా చరచలేదు. మీదికి జారుతూ వచ్చే రన్నర్ ఉన్నా ఆ విసుర్లు ఛాతీ ఎత్తులో సూటిగా వెళ్లాయి. ఒకే మనిషి, అదే చెయ్యి. కష్టమైన పని నిర్దోషంగా చేస్తూ తేలిక పనిలో తప్పుతున్నాడంటే లోపం చేతిలో లేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే కనబడింది. ఆ జట్టులో ఒకటో బేసు ఇద్దరు మార్చి మార్చి ఆడుతున్నారు. ఒకరు నేలకు తగిలిన బంతులను చక్కగా ఎత్తుకుంటాడు, ఇంకొకరు పొడుగు తప్ప మరేమీ లేనివాడు. కుర్రవాడి తప్పిదాల్లో సింహభాగం రెండో ఆయన ఆడిన రోజుల్లోవి. లెక్కలో మాత్రం అవన్నీ కుర్రవాడి ఖాతాలో పడ్డాయి.

మొదటి మందు పనిచేయలేదు

జూలై నడిమిలో ఇన్‌ఫీల్డ్ కోచ్‌కు వీడియో చూపించాను. ఆయన ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషి. అయిదు నిమిషాలు మాట్లాడకుండా చూసి, "చరుపు నేనూ చూస్తూనే ఉన్నాను. ముఖంలో ముక్కులాగా అలవాటైపోయింది," అన్నాడు.

కుర్రవాణ్ని పిలిచి దుబాసీ ద్వారా అడిగాం, బంతిని గ్లౌజులో ఎందుకు చరుస్తావని. "చరుస్తున్నానా?" అన్నాడు. వీడియో చూసి నవ్వాడు. "చిన్నప్పుడు మా అన్న గ్లౌజుతో ఆడేవాణ్నండీ. చేతికి బాగా వదులు. బంతి సరిగ్గా చిక్కిందో లేదో తెలిసేది కాదు. ఒకసారి చరిస్తే చప్పుడు వచ్చేది. చప్పుడు వస్తే చిక్కినట్టే."

"ఇకనుంచి చరచకు," అన్నాడు కోచ్. మేం చేసిన రెండో తప్పు ఇది. తర్వాతి వారమంతా కుర్రవాడి ధ్యాస చరచకపోవడం మీదే. గ్లౌజులోంచి బంతి తీసేటప్పుడు వేళ్లు తడబడ్డాయి. అంతవరకు 55 ఇచ్చిన మెత్తని చేతుల్లోంచి బంతులు జారాయి. చేతికి తెలిసిన పనిని బుద్ధికి అప్పగిస్తే ఇంతే. ఒక చెడ్డ అలవాటును తీసేస్తే దాని స్థానంలో చెయ్యికి ఇంకో పని ఇవ్వాలి. మేం ఖాళీ ఇచ్చాం.

పనిచేసినది

డబుల్ ప్లేలో చరుపు ఎందుకు లేదన్న ప్రశ్నకే తిరిగి వచ్చాం. అక్కడ బంతిని గ్లౌజు పట్టుకోదు, అడ్డుకుంటుంది. అరచెయ్యి పక్కనే ఉండి అందుకుంటుంది. బంతి గ్లౌజు లోతుకు చేరదు కాబట్టి చరచడానికి తావే లేదు.

ఇన్‌ఫీల్డ్ సాధనలో పలకలాంటి చదును గ్లౌజు ఒకటి వాడతారు. దానికి లోతు ఉండదు, ఒంటిచేత్తో పడితే బంతి కింద పడుతుంది. ఆగస్టు నుంచి రోజూ ఆటకు ముందు ఇరవై నిమిషాలు కోచ్ దానితోనే నేలబారు బంతులు ఆడించాడు. దానికి నేను అడిగి చేర్పించినది ఒకటే: ప్రతి బంతికీ ఒక రన్నర్ నిజంగా పరుగెత్తాలి. గడియారం లేని సాధనలో అతనికి చరచడానికి సమయం దొరుకుతుంది, అలవాటు అక్కడే మళ్లీ మేస్తుంది. "చరచకు" అన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తకూడదని ముగ్గురం ఒప్పందం చేసుకున్నాం.

మొదటి పది రోజులు ఆటల్లో మార్పేమీ లేదు. నేను ఆపేద్దామన్నాను. కోచ్ ఒప్పుకోలేదు. ఆయనే సరి. ఆగస్టు చివరికల్లా చరుపు సగానికి పడిపోయింది. సెప్టెంబరులో సీజన్ ముగిసేసరికి సమయం తక్కువున్న బంతుల మీద దాదాపు మాయమైంది. రన్నర్ నెమ్మదైతే మాత్రం తిరిగి వచ్చేది. చివరి మూడు వారాలు మళ్లీ షార్ట్‌స్టాప్‌లో ఆడించాం. విసురు తప్పిదం ఒక్కటే వచ్చింది. మూడు వారాలు చిన్న నమూనా. అందుకే తప్పిదాల లెక్కను నివేదికలో పెట్టలేదు. పట్టడానికీ వదలడానికీ మధ్య వ్యవధిని పెట్టాను. ప్రతి బంతికీ కొలవగలిగేది అది.

నవంబరు

కొత్త నివేదికలో విసురు 50 అయింది. కదలిక 45గానే ఉంచాను. ఎడమ పక్కకు బాగా వెళతాడు, కుడి పక్కకు మొదటి అడుగు ఆలస్యం. దానికి మందు నాకు తెలియదు. 2023 నుంచి మేజర్ లీగ్‌లో రెండో బేసుకు ఇరువైపులా ఇద్దరేసి ఇన్‌ఫీల్డర్లు నిలబడాలన్న నిబంధన వచ్చాక, నెమ్మదిగా కదిలేవాణ్ని ముందే సరైన చోట దాచడం మునుపంత తేలిక కాదు. కాబట్టి రోజూ ఆడే షార్ట్‌స్టాప్ అనలేదు. వారానికి రెండు రోజులు షార్ట్‌స్టాప్, అవసరమైతే రెండో బేసు, మూడో బేసు. 26 మందిలో చివరివాడు. "షార్ట్‌స్టాప్ అవునా, కాదా" అని జూన్‌లో అడిగినప్పుడు ఆ ఉద్యోగం నాకు కనబడనే లేదు.

చోటు ఇవ్వాలనే వాదించాను. బ్యాటు బలహీనమైనా మూడు చోట్ల ఆడగలవాణ్ని వేరే జట్టు బెంచీ మీద ఏడాదంతా దాచుకోగలదు. రూల్ 5లో పోయేది ఇలాంటివాళ్లే. సమావేశంలో మా డైరెక్టర్ ఎదురు లెక్క వేశారు. జాబితాలో చేర్చి మళ్లీ మైనర్లకు పంపితే ఒక ఆప్షన్ ఏడాది, అంటే అలా పంపగల ఏడాది, ఖర్చవుతుంది, ఉండేవి మూడే. పైగా మిగిలిన ఒక్క చోటుకు ఇద్దరు పిచర్లు (క్రికెట్‌లో బౌలర్లలాంటివాళ్లు) పోటీ, పిచర్లనైతే మిగతా జట్లు ఇంకా త్వరగా ఎగరేసుకుపోతాయి. ఆయన పిచర్‌నే ఎంచుకున్నారు.

డిసెంబరులో కుర్రవాణ్ని ఎవరూ తీసుకోలేదు. డైరెక్టర్ మాట నెగ్గిందని మా ఆఫీసులో కొందరన్నారు. నాకు అలా తోచలేదు. పోయే అవకాశం అయిదింట ఒకటని నా అంచనా, పదింట ఒకటని ఆయనది. పోకపోవడం రెంటికీ సరిపోతుంది. ఆ అంకెలను ముందే కాగితం మీద రాసుకున్నాం కాబట్టి ఈ మాట ఇప్పుడు అనగలుగుతున్నాను. నివేదికల రీతిలో మాత్రం రెండు మార్పులు తెచ్చాం. మైదానంలో మొదటి ఆట చూసి తన మార్కులు వేసేదాకా పాత నివేదికలు తెరవకూడదు. ఒక లోపం రాసినవాడు అది ఎప్పుడు కనబడదో కూడా రాయాలి. రెండోది పాటించడం నాకే ఇప్పటికీ బద్ధకం.

మరుసటి మే నెలలో అతన్ని ట్రిపుల్-ఏలో చూడటానికి వెళ్లాను. కోచ్ నా పక్కనే కూర్చున్నాడు. నాలుగో ఇన్నింగ్స్‌లో మూడో బేసు వైపు లోతుగా బంతి వచ్చింది. ఒంటిచేత్తో అందుకుని, పాదం ఆనించి, విసిరాడు. రన్నర్ అర అడుగులో బతికిపోయాడు. విసురు మాత్రం ఛాతీ ఎత్తులో వెళ్లింది. ఏడో ఇన్నింగ్స్‌లో నేరుగా అతని ముందుకే ఒక మెత్తని బంతి దొర్లుకుంటూ వచ్చింది. కొట్టినవాడు అవతలి జట్టు క్యాచర్ (వికెట్ కీపర్‌లాంటివాడు), కాళ్లీడ్చుకుంటూ పరుగెడుతున్నాడు. కుర్రవాడు బంతి తీశాడు. చప్పుడు మా వరుస దాకా వినిపించింది. అప్పుడు విసిరాడు, అవుట్.

కోచ్ నా నోటుపుస్తకం వైపు చూశాడు.

"రాస్తావా?"

"రన్నర్ ఎంతలో వచ్చాడు?" అన్నాను. గడియారం చూపించాడు. 4.7. పుస్తకం మూసేశాను.